సిబిల్ స్కోరు, క్రెడిట్ రిపోర్టు ఒకటి కావు: రైతు ముందుగా చూడాల్సింది ఏది?

పంట రుణానికో, ట్రాక్టరు రుణానికో బ్యాంకుకు వెళ్లిన రైతులు కొందరు "సిబిల్ తక్కువ ఉంది" అన్న ఒక్క మాట విని వెనక్కి వస్తుంటారు. ఎందుకు తక్కువైందని అడిగితే వారి దగ్గర జవాబు ఉండదు. కారణం స్కోరులో కనిపించదు, రిపోర్టులో కనిపిస్తుంది. ఈ తేడా తెలిస్తే సగం సమస్య తీరినట్టే.

రిపోర్టు అంటే ఏమిటి?

మీరు తీసుకున్న అప్పుల చిట్టా క్రెడిట్ రిపోర్టు. ఏ బ్యాంకులో, ఎప్పుడు, ఎంత తీసుకున్నారు, ఇంకా ఎంత బాకీ ఉంది, ఏ నెలలో గడువు దాటింది అనే వివరాలన్నీ ఇందులో ఉంటాయి. పంట రుణం, బంగారు రుణం, మోటారు సైకిల్ రుణం, మైక్రోఫైనాన్స్ గ్రూపు రుణంలో మీ పేరున ఉన్న బాకీ కూడా ఇందులోకి వస్తాయి. మీరు హామీ సంతకం పెట్టిన ఇతరుల అప్పు కూడా కనిపిస్తుంది.

స్కోరు అంటే ఏమిటి?

ఆ చిట్టాను చూసి కంప్యూటర్ లెక్కకట్టిన అంకె స్కోరు. ఇది 300 నుంచి 900 మధ్య ఉంటుంది. 750 పైన ఉంటే మంచిదని సాధారణంగా చెబుతారు. కానీ ఎంత స్కోరుకు అప్పు ఇవ్వాలన్నది ఆ బ్యాంకు నిర్ణయం. మీ పొలం ఎన్ని ఎకరాలు, ఈ ఏడాది దిగుబడి ఎంత, పొదుపు ఖాతాలో ఎంత ఉంది అనేవి ఈ లెక్కలోకి రావు.

ఒక ఉదాహరణ చూద్దాం. 3 ఎకరాల రైతు ఒకరు పంట రుణం ఏటా గడువులోపే కడుతున్నారు. అయినా స్కోరు 640 అని వచ్చింది. రిపోర్టు తెరిస్తే, బావమరిది వాహన రుణానికి తాను పెట్టిన హామీ సంతకం, ఆ రుణం ఆరు నెలలుగా బకాయి పడిన సంగతి బయటపడ్డాయి. 640 అనే అంకెను ఎంతసేపు చూసినా ఈ విషయం తెలియదు.

ఒక్కోచోట ఒక్కో స్కోరు ఎందుకు?

మన దేశంలో రిజర్వు బ్యాంకు అనుమతి ఉన్న క్రెడిట్ సమాచార సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫాక్స్, క్రిఫ్ హైమార్క్. ఎవరి లెక్క వారిది. ఒకే వడ్ల కుప్పకు రెండు తేమ మీటర్లు కొద్ది తేడా చూపినట్టే ఇదీను. పది, ఇరవై పాయింట్ల తేడాకు కంగారు పడొద్దు. తేడా బాగా ఎక్కువగా ఉంటే మాత్రం ఏదో ఒక రిపోర్టులో తప్పుందేమో చూసుకోవాలి.

రిపోర్టు ఎలా పొందాలి?

ఈ నాలుగు సంస్థల్లో ప్రతి ఒక్కటీ ఏడాదికి ఒకసారి స్కోరుతో సహా పూర్తి రిపోర్టును ఉచితంగా ఇవ్వాలి. సంస్థ వెబ్‌సైట్‌లో పాన్, ఫోన్ నంబరు ఇచ్చి తీసుకోవచ్చు. మీ రిపోర్టు మీరు చూసుకుంటే స్కోరు తగ్గదు. నెట్ సెంటర్‌లో చేయిస్తే మీ ఫోన్‌కు వచ్చే ఓటీపీని మీరే కొట్టండి.

రిపోర్టులో ఏమి చూడాలి?

1. పేరు, పుట్టిన తేదీ, పాన్ సరిగా ఉన్నాయా? ఒకే పేరున్న మరొకరి అప్పు మీ చిట్టాలో చేరిందా?
2. కట్టేసిన రుణం "క్లోజ్డ్" అని ఉందా? "సెటిల్డ్" అని ఉంటే పూర్తిగా కట్టకుండా కొంత తగ్గించుకుని తీర్చినట్టు అర్థం. "రిటన్ ఆఫ్" అంటే బ్యాంకు దాన్ని రాని బాకీగా లెక్క రాసుకున్నట్టు. ఈ రెండూ కొత్త అప్పుకు అడ్డుపడతాయి.
3. నెలవారీ వరుసలో "000" ఉంటే ఆ నెల బకాయి లేనట్టు. వేరే అంకె ఉంటే గడువు దాటి అన్ని రోజులైనట్టు.
4. తెలంగాణలో 2024లో రూ.2 లక్షల వరకు జరిగిన పంట రుణ మాఫీ వర్తించినవారు, ఆ బాకీ తీరినట్టు నమోదైందో లేదో చూసుకోవాలి.

తప్పు కనిపిస్తే

స్కోరును ఎవరూ దిద్దలేరు. దిద్దాల్సింది రిపోర్టును. అది సరైతే స్కోరు దానంతట అదే మారుతుంది. బ్యాంకు శాఖలో రాతపూర్వకంగా దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకోండి. బాకీ లేదనే ధ్రువపత్రం జత చేయండి. క్రెడిట్ సంస్థ వెబ్‌సైట్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయండి. దీనికి రుసుము లేదు. ఫిర్యాదు అందిన 30 రోజుల్లో పరిష్కరించాలి. ఆలస్యమైతే రోజుకు రూ.100 చొప్పున పరిహారం ఇవ్వాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. అప్పటికీ పని కాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చు. వివరాలకు 14448 నంబరుకు ఫోన్ చేయండి.

"డబ్బిస్తే స్కోరు పెంచుతాం" అనేవారిని నమ్మొద్దు. నిజంగా ఉన్న బకాయిని ఎవరూ చెరిపేయలేరు.

గడువు దాటనివ్వొద్దు

కిసాన్ క్రెడిట్ కార్డు కింద రూ.3 లక్షల వరకు పంట రుణానికి వడ్డీ 7 శాతం. గడువులోపు కడితే 3 శాతం రాయితీ పోను 4 శాతమే పడుతుంది. మాఫీ వస్తుందేమోనని కట్టకుండా ఆగితే ఆ రాయితీ పోతుంది, రిపోర్టులో బకాయి కూడా నమోదవుతుంది. పంట దెబ్బతిని కట్టలేని పరిస్థితి వస్తే, గడువు రాకముందే బ్యాంకుకు వెళ్లి రుణం రీషెడ్యూలు గురించి అడగండి.

విత్తనం కొనే ముందు మొలక శాతం చూసుకున్నట్టే, రుణానికి దరఖాస్తు చేసే ముందు రిపోర్టు చూసుకోండి. తప్పు దిద్దించడానికి నెల రోజులు పట్టవచ్చు కాబట్టి ఖరీఫ్ రుణం కావాల్సినవారు ఏప్రిల్‌లోనే ఈ పని పూర్తి చేసుకోవడం మంచిది.