నొప్పులు మొదలయ్యాక ఏం జరుగుతుంది?

తొలి కాన్పు పుట్టింట్లో జరగాలన్నది మన ఆనవాయితీ. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఆడపిల్లను తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతాల్లోని పుట్టింటికి తీసుకొస్తారు. ఏ లోటూ రాకుండా చూసుకుంటారు. నొప్పులు మొదలయ్యాక ఏం జరుగుతుందో మాత్రం ఆ పిల్లకు ఎవరూ విడమరచి చెప్పరు. సగం భయం అందువల్లే.

కాన్పుకు మూడు దశలు. మొదటిది గర్భాశయ ముఖద్వారం తెరుచుకునే దశ. కాసేపు నడిస్తేనో, పడుకుంటేనో తగ్గిపోయేవి దొంగనొప్పులు. అసలు నొప్పులు పోనుపోను దగ్గరపడి బలపడతాయి. నర్సు పొట్ట మీద చెయ్యి ఆనించి, పది నిమిషాల్లో ఎన్నిసార్లు బిగిసిందో, ఎన్ని సెకన్లు నిలిచిందో లెక్కపెడుతుంది. బిడ్డ గుండె చప్పుడు వింటుంది. ద్వారం 10 సెంటీమీటర్లు తెరుచుకోవాలి. మొదటి 5 సెంటీమీటర్లకు ఎంతసేపు పడుతుందో ముందే చెప్పలేం. ఆ తర్వాత తొలి కాన్పుకు 12 గంటలు, మలి కాన్పుకు 10 గంటలు సాధారణంగా మించవని 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఇబ్బందులేవీ లేకపోతే ఈ దశలో నడవొచ్చు, మజ్జిగో గంజో తాగొచ్చు. ముక్కడం మాత్రం అప్పుడే వద్దు.

రెండోది బిడ్డ బయటికొచ్చే దశ. ముక్కాలన్న ఒత్తిడి దానంతటదే వస్తుంది. సాధారణంగా తొలిసారి 3 గంటల లోపు, తర్వాతి కాన్పుల్లో 2 గంటల లోపు బిడ్డ పుడుతుంది. త్వరగా రావాలని పొట్టను పైనుంచి నొక్కడం మంచిది కాదు.

మూడోది మాయ పడే దశ. బిడ్డ పుట్టగానే రక్తస్రావం అదుపులో ఉండేందుకు తల్లికి ఇంజెక్షన్ చేస్తారు. సాధారణంగా అరగంటలో మాయ పడిపోతుంది. బిడ్డ బాగుంటే బొడ్డుతాడు కోయడానికి కనీసం ఒక నిమిషం ఆగాలి. గంటలోపే ముర్రుపాలు పట్టాలి. బిడ్డ పుట్టిందని అందరూ అటే చూస్తారు గానీ, ఆ తర్వాత రెండు గంటలపాటు తల్లిని కనిపెట్టుకుని ఉండాలి. పెట్టిన గుడ్డలు వెంటవెంటనే తడిసిపోతుంటే నర్సును పిలవండి.

ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలికలు తగ్గినా, చూపు మసకబారి తీవ్రమైన తలనొప్పి వచ్చినా నొప్పుల కోసం ఎదురుచూడకుండా 108కి ఫోన్ చేయాలి. నిజాంపట్నం వంటి తీర గ్రామాల వారు ఏ ఆసుపత్రికి వెళ్లాలో ఆశా కార్యకర్తతో ముందే మాట్లాడుకోవాలి.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు ఆపరేషన్లే. అవసరమైతే ఆపరేషన్ ప్రాణం నిలుపుతుంది. తల్లీబిడ్డా బాగున్నప్పుడు నొప్పులు చూడలేకో, ముహూర్తం కోసమో కోత కోరకండి. ద్వారం ఎంత తెరుచుకుంది, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది అని డాక్టరును అడగండి. ప్రభుత్వ ఆసుపత్రిలో 2011 నుంచి మామూలు కాన్పూ ఉచితమే, ఆపరేషనూ ఉచితమే. అమ్మో అక్కో కాన్పు గదిలో పక్కన ఉండనిమ్మని కూడా అడగండి. ఈ మూడు దశలూ తెలిసిన మనిషి పక్కనుంటే ఆ పిల్లకు కొండంత ధైర్యం.