పొర చెడితే పొర చాలు

కార్నియా మందం నడిమధ్యన అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. ఆ కాస్తలోనే పొర మీద పొర ఉంటుంది. అన్నిటికంటే లోపల, కంటిలోని ద్రవాన్ని తాకుతూ, ఒకే ఒక్క వరస కణాలుంటాయి. వాటిని ఎండోథీలియం అంటారు. కార్నియాలోకి ఊరే నీటిని ఇవి తెరిపి లేకుండా వెనక్కి తోడుతుంటేనే చూపు తేటగా ఉంటుంది. చనిపోయిన కణాల స్థానంలో మనిషికి కొత్తవి దాదాపు పుట్టవు. ఫుక్స్ డిస్ట్రఫీ అనే జబ్బు వల్లనో, శుక్లాల ఆపరేషన్‌లో దెబ్బతినో ఈ వరస పలచబడితే కార్నియా ఉబ్బి మసకబారుతుంది. పై పొరలు మాత్రం చాలాకాలం బాగానే ఉంటాయి. చెడింది ఒక్క వరసే అయినప్పుడు కార్నియా మొత్తాన్నీ కోసి తీసేయడం ఎందుకు?

విచిత్రమేమిటంటే, పొరలను మాత్రమే మార్చడమే ముందు ఫలించింది. 1880లలోనే జర్మనీలో ఆర్థర్ ఫాన్ హిప్పెల్ రోగి కార్నియాలో పై పొరలు తీసి కుందేలు కార్నియాను అమర్చాడు. అయితే 1905లో, ఇప్పటి చెక్ రిపబ్లిక్‌లోని ఓలోమోట్స్‌లో, ఎడ్వర్డ్ జిర్మ్ సున్నంతో కళ్లు కాలిన కూలీకి మొత్తం మందం కార్నియాను అతికించి చూపు తెప్పించాడు. ఆ విజయం శతాబ్దం పొడుగునా దారి చూపింది, పరిమితులు కూడా వెంట తెచ్చింది. గుండ్రంగా చుట్టూ కుట్లు పడేవి. చూపు వంకరపోయేది. గాయం ఎప్పటికీ పూర్తి బలం పుంజుకోదు కాబట్టి, ఏళ్ల తర్వాత తగిలిన దెబ్బకు కూడా తెగిపోయే ప్రమాదం ఉండేది. 1998లో నెదర్లాండ్స్ వైద్యుడు గెరిట్ మెల్లెస్ వెనక పొరను మాత్రమే ఒక కోతగుండా లోపలికి పంపి, గాలి బుడగతో అదిమి నిలబెట్టే పద్ధతిని ప్రకటించాడు. ఆ పొరకు కుట్టు అక్కర్లేదు. రోగి వెల్లకిలా పడుకుంటే బుడగ పైకి తేలి దాన్ని తన చోట అదిమి ఉంచుతుంది. 2006 నాటికి ఆయన డిసెమెట్ అనే పలచని పొరనూ దానికి అంటుకున్న ఎండోథీలియం కణాలనూ మాత్రమే మార్చాడు. దాని మందం 10 నుంచి 15 మైక్రాన్లే. ఈ చరిత్రలో అసలు మలుపు ఆ బుడగేనని నేననుకుంటాను.

పలచని పొర చుట్టుకుపోతుంది, చిరుగుతుంది, ఊడివస్తే మళ్లీ గాలి ఎక్కించాలి అన్న అభ్యంతరం నిజమే. కానీ ఆ తిప్పలకు ప్రతిఫలం ఉంది. 2012లో అమెరికాలో వెలువడిన ఒక పోలికలో, రెండేళ్లలో దాత కణజాలాన్ని శరీరం తిరస్కరించే అవకాశం ఈ పద్ధతిలో సుమారు 1 శాతం, మొత్తం మార్పిడిలో 18 శాతం. రోగులను చీటీ వేసి విభజించిన పరీక్ష కాదు కాబట్టి అంకెలను అతిగా నమ్మనక్కర్లేదు, కానీ తేడా మరీ పెద్దది. ఇన్‌ఫెక్షన్ సోకి కార్నియాకు చిల్లు పడ్డా, లోపలిదాకా పువ్వు పడ్డా మొత్తం మార్చక తప్పదు. అలాంటి కళ్లు మన దేశంలో ఎక్కువే, కాబట్టి పాత ఆపరేషన్‌కు చోటు పోలేదు. కెరటోకోనస్ అనే జబ్బులో కథ తిరగబడుతుంది. అక్కడ వెనక కణాలు బాగుంటాయి గనుక వాటిని ఉంచి ముందు భాగమే మారుస్తారు. ఆ లెక్కన ఒక దాత కార్నియా ముందు భాగం ఒకరికి, వెనక పొర మరొకరికి అందవచ్చు. నేత్రదానం చాలని చోట దీనికి మించిన వాదన ఏముంటుంది?

పొదుపు అక్కడితో ఆగలేదు. 2018లో జపాన్‌లోని క్యోటో బృందం, ప్రయోగశాలలో పెంచిన ఎండోథీలియం కణాలను 11 మంది రోగుల కంట్లోకి సూదితో ఎక్కించిన ఫలితాలు ప్రచురించింది. ఇందులో పొర కూడా లేదు, కణాలే. అవి కార్నియాకు చేరి అంటుకోవడానికి రోగి మూడు గంటలు బోర్లా పడుకోవాలి.