కదలమంటే కదలని ఫిల్టర్

మా పాలిటెక్నిక్‌లో కమ్యూనికేషన్ ల్యాబ్ మొదలుపెట్టేటప్పుడు పిల్లల చేతికి ముందుగా ఇచ్చేది ఓ పాత గ్యాంగ్ కండెన్సర్. ఇరుసు తిప్పితే అర్ధచంద్రాకారపు అల్యూమినియం రేకులు, కదలకుండా ఉన్న మరో వరస రేకుల సందుల్లోకి ఒకదానికొకటి తగలకుండా దూరతాయి. ఈ తరం పిల్లలు దాన్ని చూసి ఉండరు. అటూ ఇటూ తిప్పి "దీనికి కరెంటు ఎక్కడివ్వాలి మేడం?" అంటారు. ఎక్కడా ఇవ్వక్కర్లేదు. రేకులు పూర్తిగా లోపలికి పోతే కెపాసిటీ ఎక్కువ, బయటికొస్తే తక్కువ. తెనాలిలో మా నాన్నగారి రేడియో రిపేరు షాపులో ఆ రేకుల మధ్య దుమ్ము కుంచెతో దులపడం వేసవి సెలవుల్లో నా పని. స్టేషన్ మార్చేటప్పుడు గరగరమంటోందని ఎవరైనా సెట్టు తెస్తే సగం రోగం ఆ దుమ్ములోనే ఉండేది.

ఏరియల్ తీగకి మంచీ చెడూ తెలియవు. ఆకాశవాణి హైదరాబాద్ 738 కిలోహెర్ట్జ్, విజయవాడ 837, కడప 900, విశాఖపట్నం 927. ఇవన్నీ ఒకేసారి ఆ తీగలోకి దిగుతాయి. (ఆ నెంబర్లను 9తో భాగించి చూడండి, శేషం మిగలదు. మన వైపు మీడియం వేవ్ స్టేషన్లను 9 కిలోహెర్ట్జ్‌ల ఎడంతో కూర్చోబెట్టారు.) ఇందులో మనకు కావలసిన ఒక్కదాన్ని ఉంచి తక్కినవాటిని వదిలించుకోవాలి. ఆ పని చేసేదే ఫిల్టర్. కాయిల్‌నీ కండెన్సర్‌నీ పక్కపక్కన కలిపితే, ఒకదాంట్లోని శక్తి రెండోదాంట్లోకి, మళ్లీ వెనక్కి తిరుగుతూ ఉంటుంది. ఆ తిరుగుడుకి ఓ సొంత వేగం ఉంటుంది. బయటినుంచి సరిగ్గా అదే వేగంతో వచ్చే సిగ్నల్ అందులో పేరుకుంటుంది, మిగతావి నీరసించిపోతాయి.

సొంత వేగాన్ని మారుస్తూ పోగలిగితే స్టేషన్లు మార్చుకోవచ్చు. చిక్కు ఇక్కడే మొదలవుతుంది. ఫ్రీక్వెన్సీకీ కెపాసిటీకీ మధ్య వర్గమూలం లెక్క ఉంది. మీడియం వేవ్ ఓ చివర 540, రెండో చివర 1600, అంటే దాదాపు మూడు రెట్లు. ఫ్రీక్వెన్సీ మూడు రెట్లు పెరగాలంటే కెపాసిటీ తొమ్మిదో వంతుకి దిగాలి. అందుకే ఆ గ్యాంగ్‌లో అన్నేసి రేకులు. మూసినప్పుడు మూడు వందల అరవై పైచిలుకు పికోఫారడ్లుండే గ్యాంగ్, విప్పాక చుట్టుపక్కల వైర్ల కెపాసిటీతో సహా నలభైకి దిగితేనే బ్యాండ్ మొత్తం అందుతుంది.

రెండో చిక్కు ఇంతకన్నా మొండిది. ఫిల్టర్ ఎంత సన్నగా ఏరుతుందో చెప్పే కొలతని క్యూ అంటాం. ఫ్రీక్వెన్సీని క్యూతో భాగిస్తే ఫిల్టర్ తెరిచి ఉంచే వెడల్పు వస్తుంది. మంచి కాయిల్ చుట్టి క్యూ 60 సాధించామనుకోండి. 540 దగ్గర వెడల్పు 9 కిలోహెర్ట్జ్, సరిగ్గా ఒక స్టేషన్‌కి చాలినంత. అదే కాయిల్‌తో 1600కి వెళ్తే వెడల్పు 27 దాకా పోతుంది, మూడు స్టేషన్లు కలిసి దూరతాయి. ఫిల్టర్‌ని కదిపితే దాని స్వభావమే మారిపోతుందన్నమాట. ఒక్కటి చాలదని మూడు నాలుగు ఫిల్టర్లు వరసగా పెడితే, అన్నీ ఒక్క అడుగు తేడా లేకుండా కలిసి కదలాలి. 1920లలో కొన్ని సెట్లకి మూడేసి నాబులుండేవి. స్టేషన్ పట్టాలంటే మూడింటినీ తిప్పి కుదుర్చుకోవాలి.

ఈ తలనొప్పికి ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1918లో కనిపెట్టిన మందు సూపర్ హెటెరోడైన్. పిండిమరని ఎవరూ ఇంటింటికీ తిప్పరు, గింజలే మర దగ్గరికి వెళ్తాయి. ఆయన చేసిందీ అదే. ఏ స్టేషన్ వచ్చినా దాన్ని రేడియో లోపలే పుట్టించిన మరో సిగ్నల్‌తో కలిపి ఒకే స్థిరమైన ఫ్రీక్వెన్సీకి దించుతారు. మన రేడియోల్లో అది 455 కిలోహెర్ట్జ్. కదలనక్కర్లేని ఫిల్టర్‌ని ఎంత సన్నగా కావాలంటే అంత సన్నగా, ఎన్ని కావాలంటే అన్ని వరసల్లో చేసుకోవచ్చు. ట్రాన్సిస్టర్ రేడియో విప్పితే పసుపు, తెలుపు, నలుపు రంగు తలలున్న చిన్న రేకు డబ్బాలు కనిపిస్తాయి చూడండి, ఐఎఫ్‌టీలు, అవే ఆ ఫిల్టర్లు. ఎరుపుది వేరు, లోపలి సిగ్నల్‌ని పుట్టించే కాయిల్. "లోపల రంగు స్క్రూలు వదులయ్యాయి మెకానిక్ గారూ, నేనే బిగించా, అప్పట్నుంచి మోగట్లేదు" అంటూ వచ్చేవాళ్లని చూసి నాన్నగారు నవ్వాపుకునేవారు. అవి వదులైనవి కావు, ఫ్యాక్టరీలో కుదిర్చి పెట్టినవి.

అయినా కదిలే ఫిల్టర్ పీడ పూర్తిగా వదల్లేదు. 837 కోసం రేడియో లోపల 1292 పుట్టిస్తాం, తేడా 455. కానీ 1747లో ఎవరైనా ఉంటే వాళ్లకీ 1292కీ తేడా 455 అవుతుంది. వాళ్లూ దర్జాగా లోపలికొస్తారు. దీన్ని ఇమేజ్ అంటాం. షార్ట్ వేవ్ విన్నవాళ్లకి అనుభవమే, ఒకే విదేశీ స్టేషన్ డయల్ మీద రెండు చోట్ల పలికేది. రెండింటి మధ్య దూరం 910 కిలోహెర్ట్జ్, అంటే 455కి రెట్టింపు. దాన్ని ఆపాలంటే ముందు గుమ్మం దగ్గర ఓ కదిలే ఫిల్టర్ ఉండి తీరాలి.

పైగా ఆ గుమ్మం ఫిల్టరూ లోపలి ఆసిలేటరూ ఒకే ఇరుసు మీద నడవాలి. ముందుది 540 నుంచి 1600కి పోతే, రెండోది 995 నుంచి 2055కి పోవాలి. ఒకటి మూడు రెట్లు, ఇంకొకటి రెండు రెట్లే. అందుకని గ్యాంగ్‌లో ఆసిలేటర్ వైపు రేకులు చిన్నవిగా కోస్తారు, లేదా ప్యాడర్ అనే కండెన్సర్‌ని వరసలో వేస్తారు. అంత చేసినా లెక్క అచ్చంగా కుదిరేది డయల్ మీద మూడు చోట్లే, మిగతా చోట్ల కాస్త అటూ ఇటూ. నాన్నగారు పాత టూత్‌బ్రష్ పిడిని అరగదీసి స్క్రూడ్రైవర్ చేసుకున్నారు, ఇనుపది పెడితే కాయిల్ లెక్క మారిపోతుంది కాబట్టి. కింది చివర స్టేషన్ పెట్టి ఫెర్రైట్ కడ్డీ మీద కాయిల్‌ని వెంట్రుకవాసి జరిపేవారు. పై చివరికి వెళ్లి ట్రిమ్మర్ అనే బుల్లి కండెన్సర్‌ని తిప్పేవారు. ఇది సరిచేస్తే అది చెడుతుంది, అది సరిచేస్తే ఇది. చివరికి రాజీ కుదిరాక కాయిల్ మీద మైనం చుక్క వేసేవారు. ఇలా రెండింటినీ కలిపి నడిపించడాన్ని ట్రాకింగ్ అంటారు; ఇంజనీరింగ్ పుస్తకాల్లో దాని మీద ఎన్ని పేజీలున్నా, నాకు అర్థమైంది ఆ చేతుల్ని చూశాకే.

ఇక రేకులు తిప్పే పని వోల్టేజీకి అప్పజెప్పడం. డయోడ్‌కి తిరగేసి వోల్టేజీ ఇస్తే కరెంటు పారదు గానీ, మధ్యలో ఖాళీ పొర ఒకటి ఏర్పడుతుంది. వోల్టేజీ పెంచితే పొర మందమవుతుంది, కెపాసిటీ తగ్గుతుంది. అదే వేరికాప్, కదిలే భాగాలేవీ లేని గ్యాంగ్. మామూలు రకం తీసుకుని ఒక వోల్టు నుంచి ముప్పై దాకా పోయినా కెపాసిటీ నాలుగు రెట్లకి మించి పెద్దగా మారదు, అంటే ఫ్రీక్వెన్సీ రెండు రెట్లు. 47 మెగాహెర్ట్జ్‌లో మొదలై 230 దాకా పోయే టీవీ వీహెచ్‌ఎఫ్ చానెళ్లని ఒకే కాయిల్‌తో అందుకోలేం. ఎనభైల నాటి టీవీల్లో చిన్న తలుపు తీస్తే లోపల బుల్లి చక్రాలూ, ఒక్కో దాని పక్కన బ్యాండ్ మార్చే మీటా ఉండేవి గుర్తుందా? చక్రం వేరికాప్‌కి వోల్టేజీ పంపేది, మీట కాయిల్‌ని మార్చేది. పెట్టిన చానెల్ సాయంత్రానికల్లా జారిపోతోందంటే మెకానిక్ ముందుగా కొలిచేది ఆ చక్రాలకి వచ్చే 33 వోల్టులు. ఆ వోల్టేజీ స్థిరంగా లేకపోతే ఫిల్టరూ స్థిరంగా ఉండదు.

వేరికాప్‌కి ఇంకో జబ్బుంది. బలమైన సిగ్నల్ వస్తే, ఆ సిగ్నలే డయోడ్ మీద వోల్టేజీగా పనిచేసి కెపాసిటీని ఊపేస్తుంది. వచ్చినవాడే తలుపు కొలత మార్చేస్తాడు, శబ్దం వంకర పోతుంది. రెండు డయోడ్లని ఎదురెదురుగా కడితే సిగ్నల్ ఒకదాని కెపాసిటీని పెంచేటప్పుడు రెండోదాన్ని తగ్గిస్తుంది, చాలావరకు సరిపోతుంది. నాకు ఈ ఉపాయమంటే ముచ్చట. అయిదు పైసల ఖర్చుతో అయ్యే పని.

"ఇవన్నీ పాత సరుకు మేడం, ఫోన్లో ఏముంటుంది?" అని ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు. ఫోన్లో ఉన్న ఇబ్బంది చెప్తే పాత సరుకే నయమనిపిస్తుంది. మన దేశంలో 4జీ నడిచే బ్యాండ్లలో ఒకటి 2300 నుంచి 2400 మెగాహెర్ట్జ్. వైఫై సరిగ్గా 2400 దగ్గర మొదలవుతుంది. రెండింటి మధ్య గోడ లేదు, రెండు రేడియోలూ ఒకే ఫోన్లో అంగుళాల దూరంలో ఉంటాయి. చిప్ మీద చుట్టిన కాయిల్‌కి క్యూ పది వస్తే గొప్ప. 2400ని పదితో భాగిస్తే 240 మెగాహెర్ట్జ్ వెడల్పు. ఆ 4జీ బ్యాండూ, దాని పక్కనున్న వైఫై బ్యాండూ రెండూ కలిపినా 184కి మించవు. అలాంటి ఫిల్టర్ ఉన్నా లేనట్టే.

అందుకే ఫోన్లలో కాయిల్ వదిలేసి, అల్యూమినియం నైట్రైడ్ లాంటి పదార్థపు పలుచటి పొరని విద్యుత్తుతో కంపింపజేసే ఫిల్టర్లు వాడతారు. వాటి క్యూ వెయ్యి దాటుతుంది. 4జీకీ వైఫైకీ మధ్య గోడ కట్టేది అవే. కానీ ఆ కంపనం వేగాన్ని నిర్ణయించేది పొర మందం. ఒకసారి పోసిన పొర మందాన్ని ఎవరు మారుస్తారు? కాబట్టి బ్యాండ్‌కి ఒకటి చొప్పున, ఒక్కో ఫోన్లో పదుల సంఖ్యలో కదలని ఫిల్టర్లు, వాటి మధ్య స్విచ్చులు. బ్యాండ్లు పెరిగే కొద్దీ బోర్డు మీద చోటూ ఖర్చూ పెరుగుతున్నాయి. మంచి ఫిల్టర్ కదలదు, కదిలేది మంచిగా ఉండదు అన్న పాత తగువు ఇప్పుడు కోట్ల రూపాయల తగువైంది.

చిప్ లోపల తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర మాత్రం దారి దొరికింది. అక్కడ రెసిస్టర్, కండెన్సర్‌లతో ఫిల్టర్ కడతారు. ఒక చిప్‌కీ ఇంకో చిప్‌కీ వాటి విలువలు ఇరవై ముప్పై శాతం తేడా వస్తాయి, కాబట్టి 1, 2, 4, 8, 16 పాళ్లలో కండెన్సర్లు పేర్చి స్విచ్చులు పెడతారు, 32 మెట్లు వస్తాయి. ఆన్ చేయగానే చిప్ తన ఫిల్టర్‌ని క్రిస్టల్ గడియారంతో పోల్చుకుని ఏ మెట్టు సరైనదో తానే ఎంచుకుంటుంది. నాన్నగారి టూత్‌బ్రష్ పిడి పని, రెప్పపాటులో.

అసలు నన్ను ఆశ్చర్యపరిచింది ఎన్-పాత్ ఫిల్టర్. బెల్ ల్యాబ్స్‌లో ఫ్రాంక్స్, శాండ్‌బర్గ్ అనే ఇద్దరు 1960లోనే దీని సిద్ధాంతం రాశారు. అందులో కాయిలే ఉండదు. నాలుగు కండెన్సర్లు, నాలుగు స్విచ్చులు. స్విచ్చులు వంతులవారీగా, ఒక్కొక్కటి ఆవృత్తిలో పావు వంతు సేపు మూసుకుంటాయి. స్విచ్చులు తిరిగే వేగంతోనే సిగ్నల్ వస్తే, ప్రతి కండెన్సరూ ప్రతిసారీ సిగ్నల్‌లో అదే ముక్కని చూస్తుంది, ఆ విలువకి నిండిపోయి నిలకడగా ఉంటుంది. వేరే వేగంతో వచ్చినదాన్ని ఒకసారి పైన, ఒకసారి కింద చూస్తుంది, సగటు సున్నా. ఎక్కడ తెరుచుకోవాలో చెప్పేది గడియారం. ఎంత వెడల్పు తెరుచుకోవాలో చెప్పేది రెసిస్టరూ కండెన్సరూ. ఈ రెండూ విడిపోవడమే గొప్ప. ఇందాక 540 నుంచి 1600కి పోతే వెడల్పు మూడు రెట్లయిందన్నానే, ఇక్కడ ఆ బాధ లేదు.

అరవైల్లో అంత వేగంగా కొట్టుకునే స్విచ్చులు లేవు. సన్నటి ట్రాన్సిస్టర్లు వచ్చాక నెదర్లాండ్స్‌లోని ట్వెంటే విశ్వవిద్యాలయం వాళ్లు 2011లో 65 నానోమీటర్ చిప్ మీద దీన్ని చేసి చూపించారు. 100 మెగాహెర్ట్జ్ నుంచి 1000 దాకా పదింతలు కదిలింది, వెడల్పు మాత్రం అంతటా 35 మెగాహెర్ట్జే.

మా ల్యాబ్‌లో దీన్ని నిమ్మళంగా, పది కిలోహెర్ట్జ్ దగ్గర చేయిస్తాను. కావలసినవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. ఒక 4052 స్విచ్ ఐసీ, దాన్ని తిప్పే కౌంటర్, కిలో ఓం రెసిస్టర్, 0.1 మైక్రోఫారడ్ కండెన్సర్లు నాలుగు. కౌంటర్‌కి 40 కిలోహెర్ట్జ్ ఇస్తే పది దగ్గర సుమారు 800 హెర్ట్జ్ వెడల్పుతో తెరుచుకుంటుంది. 80 ఇస్తే ఇరవై దగ్గరికి జరుగుతుంది, వెడల్పు అలాగే ఉంటుంది. ఆసిలోస్కోప్ మీద నునుపైన సైన్ వేవ్ కోసం చూసే పిల్లలకి నాలుగు మెట్ల బొమ్మ కనిపిస్తుంది. ఏదో తప్పు చేశామనుకుని వైర్లు పీకబోతారు. ఆగమంటాను. ఆ నాలుగు మెట్లూ నాలుగు కండెన్సర్ల మీద నిలిచిన నాలుగు వోల్టేజీలు.

ఆ మెట్లలోనే దీని లోపమూ ఉంది. గడియారం వేగానికి మూడు రెట్ల దగ్గర కూడా తలుపు కాస్త తెరుచుకుంటుంది. 800 మెగాహెర్ట్జ్‌కి పెట్టిన ఫిల్టర్ 2400ని, అంటే ఇంట్లో వైఫైని, రానిస్తుందన్నమాట. గడియారపు చప్పుడు కొంత ఏరియల్‌లోకి వెనక్కి కారుతుంది, స్విచ్చులు కొట్టుకోవడానికి బ్యాటరీ ఖర్చవుతుంది. ఫోన్లలోని పలుచటి పొరల ఫిల్టర్లని ఇది ఇంకా తోసెయ్యలేదంటే ఇవే కారణాలు. చప్పుడుకీ బ్యాటరీకీ సులువైన మందు లేదు గానీ, మూడు రెట్ల దగ్గర దూరేదాన్ని మాత్రం ఆపొచ్చు. 800కీ 2400కీ మధ్య కావలసినంత ఎడముంది, క్యూ తక్కువైనా ఫరవాలేదు. ముందు ఓ మామూలు కాయిల్, ఓ కండెన్సర్ పెడితే ఆ పని అయిపోతుంది, 800 దగ్గరే ఉన్నంతవరకు దాన్ని కదపక్కర్లేదు కూడా.