గుమ్మడి పంట - ఇంటి వంట



తొలకరిలో దొడ్లో నాటిన గుమ్మడి గింజ ఆశ్వయుజ, కార్తీక మాసాలు వచ్చేసరికి పాదై, పందిరెక్కి, పాక మీదికి పాకి కాయలు దించుకొమ్మంటుంది. ఊళ్లో అందరికీ ఒకేసారి కాపు వస్తుంది కనుక సంతలో ధర పలకదు. పది కాయలు కాస్తే రెండు వండుకొని, రెండు ఇరుగుపొరుగులకు పంచి, మిగిలిన ఆరూ కుళ్లిన తర్వాత పెంటమీద పారవేసే ఇళ్లు ఎన్నో ఉన్నవి. ఆ ఆరు కాయలూ సంక్రాంతి దాకా పిల్లల కంచంలో పడదగిన తిండి. వాటిని నిలవచేసే తీరు, వండే తీరు ఈ పూట చెప్పుకుందాం.

గుమ్మడి అంటే మనకు రెండున్నాయి. పులుసులో వేసేది తీపిగుమ్మడి. దీన్నే మంచిగుమ్మడి అంటారు. వడియాలు పెట్టేది బూడిదగుమ్మడి. పేరు ఒకటే గాని రెండూ వేరు వేరు జాతులు. తీపిగుమ్మడి పుట్టిల్లు అమెరికా ఖండం. బూడిదగుమ్మడి మన ఆసియా ఖండానిదే. గుణంలోనూ తేడా ఉన్నది. తీపిగుమ్మడి కండకు పసుపు, నారింజ రంగు ఇచ్చేది కెరోటిన్. అది మన ఒంట్లో ఏ విటమిన్‌గా మారుతుంది. ఆ విటమిన్ చాలకపోతే పిల్లలకు రేచీకటి వస్తుంది. ముదిరితే చూపే పోవచ్చు. బూడిదగుమ్మడి కండ తెలుపు. అందులో కెరోటిన్ దాదాపు లేదు. కనుక వడియాలు ఎన్ని తిన్నా తీపిగుమ్మడి కూరకు బదులు కావు.

ఇక కోత సంగతి. తీపిగుమ్మడి ముదిరిందో లేదో తెలియాలంటే తొక్కమీద బొటనవేలి గోరు నొక్కి చూడండి. గోరు దిగితే కాయ ఇంకా లేత. తొడిమ ఎండి బెరడు కట్టాలి, నేలకానిన చోట పసుపు తిరగాలి. బూడిదగుమ్మడికి గుర్తు దాని బూడిదే. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత ఉన్నది కదా! మోసినవాడి భుజానికి అంటేటంత బూడిద పట్టిన కాయే ముదురు కాయ.

కోసేటప్పుడు కాయను మెలితిప్పి లాగకండి. రెండు మూడు అంగుళాల తొడిమ ఉంచి కత్తితో కోయండి. తొడిమ ఊడిన చోటే కుళ్లుకు దారి. కోసిన కాయలను వాన తగలని, గాలి ఆడే చోట పది రోజులు ఆరనివ్వండి. ఈలోగా తొక్క గట్టిపడుతుంది, చిన్న గీతలు మానుతాయి. తర్వాత గడ్డిమీదనో, బల్లమీదనో ఒకదానికొకటి తగలకుండా పేర్చండి, లేదా ఉట్టిలో వేలాడదీయండి. వట్టి నేలమీద పెడితే చెమ్మ తగిలి అడుగు మెత్తబడుతుంది. వారానికొకసారి తిప్పి చూసి, మెత్తబడుతున్నది కనిపిస్తే ముందు దాన్నే వండుకోండి. ఇట్లా చూసుకుంటే ముదురు కాయ రెండు మూడు నెలలు చెడదు.

నిండు గుమ్మడిని ఆడవారు మొదట కోయరాదనీ, మగవారు ఒక వేటు వేసి ఇవ్వాలనీ చాలా ఇళ్లలో ఆనవాయితీ. పాటించేవారు పాటించండి. అయితే అయ్యలారా, పొలానికి పోయే ముందే ఆ వేటు వేసి పొండి! మీరు తిరిగి వచ్చేదాకా కాయ మూల కూర్చుంటే ఆ పూట కూర చారుతో సరి.

కోయగానే గింజలూ, లోపలి పీచూ తీసివేయాలి. కుళ్లు మొదలయ్యేది అక్కడే. చిన్న ముక్క నాలుకకు తగిలించి చూడండి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారవేయండి. ఆ చేదు ఉడికించినా పోదు, వాంతులూ విరేచనాలూ తెస్తుంది.

ముందుగా పులుసు. అరకిలో ముక్కలు చెక్కుతోనే కోయండి. ముక్క చిదరకుండా ఉంటుంది. కొద్ది నీళ్లలో ఉప్పు, పసుపు, పచ్చిమిర్చి వేసి ముప్పాతిక పాలు ఉడికిన తర్వాతనే నిమ్మకాయంత చింతపండు రసం పోయాలి. ముందే పోస్తే పులుపుకు ముక్క బిగుస్తుంది, ఎంతసేపు ఉంచినా మెత్తబడదు. చిన్న బెల్లం ముక్క వేసి, చెంచాడు బియ్యప్పిండి నీళ్లలో కలిపి పోసి, నాలుగు పొంగులు రానివ్వండి. పైన ఆవాలు, మెంతులు, ఎండుమిర్చి, ఇంగువ, కరివేపాకుతో తాలింపు. తాలింపులో నూనె ఉండటం రుచికే కాదు. కెరోటిన్ నూనెలోనే కరుగుతుంది. కొవ్వు లేని కూర తింటే అది ఒంటికి సరిగా పట్టదు.

ఇక పిల్లలు ఇష్టంగా తినేది రొట్టె. పెనం, మూకుడు ఉంటే చాలు, పొయ్యి ఏదైనా సరే. ముక్కలను నీళ్లలో వేయక ఆవిరిమీద ఉడికించండి. నీళ్లలో ఉడికిస్తే గుజ్జు పలచనై పిండి ఎక్కువ పడుతుంది. ఒక గ్లాసు గుజ్జులో అర గ్లాసు బెల్లం తురుము కరిగించి, యాలకుల పొడి, చిటికెడు ఉప్పు వేసి, ముద్ద కట్టేదాకా బియ్యప్పిండి కలపాలి. వేరే నీళ్లు వద్దు. నూనె రాసిన మందపాటి మూకుట్లో అర అంగుళం మందాన తట్టి, మూతపెట్టి, సన్నని సెగమీద పది నిమిషాలు కాల్చి, తిరగవేసి మరి కాసేపు ఉంచండి. మంట పెంచితే బెల్లం మాడుతుంది, లోపల పిండి పచ్చిగా ఉంటుంది.

బూడిదగుమ్మడి వడియాలకు వానలు పూర్తిగా వెళ్లి గట్టి ఎండ కాసే రోజులు చూసుకోవాలి. సన్నని ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు కింద ఉంచండి. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. నీరు ఎంత పోతే వడియం అంత త్వరగా ఎండుతుంది. నానిన మినప్పప్పు గట్టిగా రుబ్బి, పచ్చిమిర్చి, అల్లం ముద్ద కలిపి, తెల్లవారగానే పెట్టండి. రెండోనాడు తిరగవేయండి. విరిస్తే ఫెళ్లుమనేదాకా ఎండాలి. మబ్బు పట్టిన రోజున పెట్టినవి బూజు పడతాయి.

గింజలు కూడా పారవేయవద్దు. కడిగి ఎండబెట్టి, దోరగా వేయించి ఒలుచుకుంటే మాంసకృత్తులూ కొవ్వూ ఉన్న చిరుతిండి. మగపూలు పకోడీకి పనికివస్తాయి. అడుగున చిన్న పిందె ఉన్నది ఆడపువ్వు, దాన్ని ముట్టవద్దు. మగపూలనూ కొన్ని తీగకే ఉంచాలి, తేనెటీగలు పుప్పొడి మోసేందుకు.

విస్తరణ కార్యకర్తలకు ఒక మనవి. మన దేశంలో పిల్లలకు ఏ విటమిన్ మందు పోసే కార్యక్రమం 1970లో మొదలైంది. ఆరు నెలలకొకసారి వేసే ఆ మోతాదుకు గుమ్మడి కూర బదులు కాదు, తోడు. పొద్దు గూకగానే తడుముకుంటూ నడిచే బిడ్డ కనిపిస్తే కూర చెప్పి ఊరుకోవద్దు, వెంటనే ఆసుపత్రికి పంపండి. ఆ బిడ్డ ఇంట్లోనే దొడ్లో కాయలు కుళ్లిపోతుంటే మాత్రం, ఆ తల్లికి ఈ పులుసూ రొట్టే ఒకసారి దగ్గరుండి చేసి చూపించండి. నోటితో పదిసార్లు చెప్పినదానికన్నా అదే ఎక్కువ నిలుస్తుంది.