కొనేటప్పుడు ఎంత, వదిలేటప్పుడు ఎంత?

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి కాలం చెల్లింది. ఆ కంప్యూటర్లు ఆగిపోలేదు, ఎప్పటిలాగే నడుస్తున్నాయి. ఆగిందల్లా మైక్రోసాఫ్ట్ పంపే మరమ్మతులు. ఇకమీదట ఏదైనా భద్రతా లోపం బయటపడితే దాన్ని పూడ్చే పూచీ కంపెనీది కాదు. ఇళ్లలో వాడేవాళ్లకు పొడిగింపు ప్రకటించారు గానీ అదీ 2026 అక్టోబరు 13 వరకే. పోనీ విండోస్ 11కి మారదామంటే పాత యంత్రాలు చాలావాటికి అర్హత లేదు. ఇంటెల్ ప్రాసెసరైతే ఎనిమిదో తరమో ఆ తరవాతిదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. అందుకే ఇన్నాళ్లూ సాఫ్ట్‌వేర్ గురించి పట్టించుకోనివాళ్లు కూడా ఇప్పుడు అడుగుతున్నారు: డబ్బు పెట్టి కొత్తది కొనాలా, ఉచితంగా దొరికేదానికి మారాలా?

దీనికి జవాబు చెప్పేవాళ్లలో ఎక్కువమంది తెచ్చుకునేటప్పటి ధర ఒక్కటే చూస్తారు. సాఫ్ట్‌వేర్‌కి ఇంకో ధర ఉంది. దాన్ని వదిలి వేరేదానికి వెళ్లాల్సి వచ్చినప్పుడు పడే ఖర్చు అది. ఏ రసీదులోనూ కనిపించదు. నా లెక్కలో అదే పెద్దది.

ముందు ఒక తేడా చూద్దాం. విండోస్ 7, 8.1 ఉన్నవాళ్లకు విండోస్ 10ని 2015 జులైనుంచి ఒక ఏడాదిపాటు ఉచితంగానే ఇచ్చారు. అయినా దాన్ని ఎప్పుడు ఆపాలన్నది కంపెనీయే నిర్ణయించింది. రూపాయి తీసుకోకపోయినా తాళంచెవి తమ దగ్గరే పెట్టుకునే రకం అది. ఆఫీసు పనులకు వాడే లిబ్రేఆఫీస్, బ్రౌజర్ ఫైర్‌ఫాక్స్, వీడియోలు చూపించే వీఎల్‌సీ, విండోస్ బదులు కంప్యూటర్‌ను నడిపే లినక్స్ వేరే రకం. వీటి సోర్స్ కోడ్, అంటే ప్రోగ్రామర్లు రాసిన అసలు ప్రతి, అందరికీ తెరిచి ఉంటుంది. ఎవరైనా వాడుకోవచ్చు, చదివి మార్చుకోవచ్చు, పక్కవాడికి ఇవ్వొచ్చు, మార్చిన ప్రతినీ పంచొచ్చు. అమెరికాలో రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ఈ పద్ధతికి పునాది వేశాడు. 1991లో ఫిన్‌లాండ్‌లో 21 ఏళ్ల విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ మొదలుపెట్టాడు. ఇప్పుడు మన చేతిలోని ఆండ్రాయిడ్ ఫోన్ల అడుగున ఉన్నదీ ఆ లినక్సే.

ఇక్కడ మొదటి సందేహం వస్తుంది. ఎవరూ డబ్బు తీసుకోకపోతే దీన్ని ఎవరు పోషిస్తున్నారు? లినక్స్‌కి పనిచేసేవాళ్లలో చాలామంది పెద్ద కంపెనీల జీతగాళ్లే. ఆ కంపెనీల సర్వర్లు దానిమీదే నడుస్తాయి కాబట్టి అది బాగుండటం వాటికి అవసరం. లిబ్రేఆఫీస్ వెనక బెర్లిన్‌లో రిజిస్టరైన ఒక ఫౌండేషన్ ఉంది, విరాళాలతో నడుస్తుంది. యానిమేషన్ చేసే బ్లెండర్‌ది ఇంకో కథ. దాని సోర్స్ కోడ్‌ను కంపెనీనుంచి విడిపించడానికి 2002లో వాడకందార్లే చందాలేసుకుని 7 వారాల్లో లక్ష యూరోలు పోగుచేశారు. అప్పటి మారకంలో అర కోటి రూపాయలకు కాస్త తక్కువ. 2025లో ఆస్కార్ గెలిచిన యానిమేషన్ చిత్రం ‘ఫ్లో’ ఆ బ్లెండర్‌తోనే తయారైంది.

అయితే పోషణ అన్నిచోట్లా ఇంత బాగా లేదు. బ్యాంకు వెబ్‌సైట్లకు వెళ్లే సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 2014లో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడింది. ప్రపంచంలో పెద్ద పెద్ద సంస్థలెన్నో వాడుకుంటున్న ఆ ప్రాజెక్టుకు అప్పటిదాకా ఏడాదికి వస్తున్న విరాళాలు సుమారు 2,000 డాలర్లు. నాటి మారకంలో నెలకు పదివేల రూపాయలు. కోట్లమంది రహస్యాలు కాపాడే పనికి ప్రపంచం ఇస్తున్నది అంతే! ఉచిత సాఫ్ట్‌వేర్ గురించి నాకు నిజంగా దిగులు కలిగించే విషయం ఇదే. ఆ సంఘటన తరవాత పెద్ద కంపెనీలు కలిసి నిధి ఏర్పాటు చేశాయి. మన దేశంలో జెరోదా సంస్థ 2024లో ఇలాంటి ప్రాజెక్టులకు ఏటా 10 లక్షల డాలర్లు ఇస్తామని ప్రకటించింది.

“అందరికీ కనిపించే కోడ్‌లో దొంగలు దూరరా?” అన్నది తరవాతి ప్రశ్న. దూరారు కూడా. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ అనే చిన్న సాఫ్ట్‌వేర్‌ను స్వచ్ఛందంగా చూసుకుంటున్న ఒక మనిషి నమ్మకాన్ని ఎవరో రెండేళ్లకు పైగా ఓపికపట్టి సంపాదించి, అందులో దొంగదారి పెట్టారు. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ప్రోగ్రామర్, లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించి, కోడ్‌ను తవ్వుకుంటూ వెళ్లి దాన్ని పట్టుకున్నాడు. ఆయన పనిచేసేది మైక్రోసాఫ్ట్‌లో. తెరిచి ఉంటే లోపాలుండవని అనలేం. దానితో సంబంధంలేని కంపెనీలో పనిచేసేవాడు కూడా లోపలికి వెళ్లి చూడగలిగాడన్నది మాత్రం నిజం.

మన ఊళ్లలో ఇంకో మాట వినిపిస్తుంది. “ఎందుకండీ ఈ గొడవంతా? షాపులో ఫార్మాట్ కొట్టించుకుంటే విండోసూ ఆఫీసూ అన్నీ వాళ్లే వేసిస్తారుగా.” సాఫ్ట్‌వేర్ కంపెనీల సంఘం బీఎస్ఏ 2018లో వేసిన అంచనా ప్రకారం, అంతకుముందు ఏడాది మన దేశంలో కంప్యూటర్లలో ఎక్కించిన సాఫ్ట్‌వేర్లలో నూటికి 56 లైసెన్సు లేనివే. ప్రపంచ సగటు 37. కంపెనీల సంఘం లెక్క కాబట్టి కాస్త ఎక్కువే పట్టి ఉండొచ్చు. అయినా సగం అటూ ఇటూ అన్నది మనం కళ్లారా చూస్తున్నదే. దొంగ ప్రతి అని తెలిసీ వాడితే కాపీరైట్ చట్టం 63బి సెక్షన్ కింద 7 రోజులనుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50 వేలనుంచి రూ.2 లక్షల దాకా జరిమానా ఉంది. వ్యాపారానికి కాకుండా వాడుకుంటే కోర్టు జైలు లేకుండా రూ.50 వేల లోపు జరిమానాతో సరిపెట్టొచ్చు. చట్టం మాట అటుంచినా, దొంగ ప్రతిని నడిపించడానికి వేసే క్రాక్ అనే ఫైలు ఎవరు చేశారో, అందులో ఇంకేం పెట్టారో షాపువాళ్లకూ తెలియదు. బ్యాంకు పాస్‌వర్డు కొట్టే యంత్రంలో దాన్ని పెట్టుకోవడం నాకు అన్నింటికన్నా ఖరీదైన బేరంగా కనిపిస్తుంది.

ఇప్పుడు డబ్బు లెక్క. ఆఫీసు సాఫ్ట్‌వేర్‌కి మీ ఇంట్లో ఏడాదికి రూ.5,000 చందా కడుతున్నారనుకుందాం. ఇది ఉదాహరణకు తీసుకున్న అంకె. మీ రసీదులో ఉన్నది వేసుకోండి. అమ్మాయి ఆరో తరగతిలో మొదలుపెడితే డిగ్రీ అయ్యేసరికి 10 ఏళ్లు, రూ.50,000. దాదాపు ఒక మంచి ల్యాప్‌టాప్ ధర. కట్టడం మానేస్తే పాత ఫైళ్లు తెరిచి చూసుకోవచ్చు, దిద్దడం కుదరదు. చందా వద్దనుకుంటే ఒకేసారి కొనుక్కునే ఆఫీస్ 2024 ఉంది. దానికి మరమ్మతులు 2029 అక్టోబరు వరకు, అంటే 5 ఏళ్లు. మైక్రోసాఫ్ట్ వ్యక్తిగత చందాతో ఫైళ్లు దాచుకోవడానికి 1 టెరాబైట్ చోటు కూడా వస్తుంది. ఇంటిల్లిపాది ఫొటోలూ అందులో పెట్టుకునేవాళ్లకు ఆ డబ్బు దండగ కాదు.

లిబ్రేఆఫీస్‌కి కట్టాల్సింది సున్నా. కానీ అలవాటు పడటానికి గంటలు ఖర్చవుతాయి. 20 గంటలు పట్టిందనుకోండి, మీ గంట విలువ రూ.200 అనుకోండి, రూ.4,000 అయింది. చందా ఏడాది ఖర్చుకు దగ్గరగా వచ్చేసింది. తేడా ఏమిటంటే ఇది ఒక్కసారి పెట్టే ఖర్చు. రెండో ఏడాదినుంచి మిగులే. గంటకు వెయ్యి సంపాదించేవాళ్లకు మాత్రం ఇదే లెక్క రూ.20,000 అవుతుంది. వాళ్లు వర్డ్‌తోనే ఉండిపోతామంటే అది బద్ధకం కాదు, లెక్కే.

మరి వర్డ్ ఫైళ్లు తెరుచుకుంటాయా? తెరుచుకుంటాయి. ఉత్తరాలు, దరఖాస్తులు, మామూలు పట్టికలు ఇబ్బంది పెట్టవు. పేజీ అమరిక క్లిష్టంగా ఉన్నవి అటూ ఇటూ జరుగుతాయి. ఎక్సెల్‌లో మ్యాక్రోలు, అంటే ఫైలులోనే దాచిన చిన్న ప్రోగ్రాములు, ఉంటే పనిచేయకపోవచ్చు. జీఎస్టీ వార్షిక రిటర్ను జీఎస్‌టీఆర్-9కి ప్రభుత్వం ఇచ్చిన ఆఫ్‌లైన్ ఫైలు అలాంటి ఎక్సెల్ ఫైలే. వ్యాపారులూ వాళ్ల అకౌంటెంట్లూ ఈ ఒక్క కారణంతో ఎక్సెల్ వదల్లేకపోవడం సబబే. పన్ను కట్టడానికి ప్రైవేటు కంపెనీ సాఫ్ట్‌వేర్ కొనాల్సిన పరిస్థితి రాకుండా చూడాల్సింది ప్రభుత్వం.

వదిలేటప్పటి ధర ఎంత ఉంటుందో తెలుగువాళ్లకు డీటీపీ కేంద్రాలు చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పలేరు. ఇప్పటికీ పెళ్లి పత్రికలు, కరపత్రాలు, పుస్తకాలు పేజ్‌మేకర్‌లో చేసేవాళ్లున్నారు. దాని చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. 2004లో అడోబీ ఇక దాన్ని అభివృద్ధి చేయమని చెప్పేసింది. అందులో కంపోజింగుకు వాడేది అను వంటి పాత పద్ధతి ఫాంట్లు. ఆ ఫాంట్లలో తెరమీద ‘క’ కనిపించినా, ఫైలు లోపల ఉండేది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఒక్కో కంపెనీ ఫాంటుకు ఒక్కో అమరిక. ఫాంటు తీసేస్తే మిగిలేది అర్థంలేని గుర్తుల వరస.

యూనికోడ్, అంటే ప్రపంచ భాషల్లోని ప్రతి అక్షరానికీ ఒక స్థిరమైన సంఖ్య ఇచ్చే పద్ధతి, 1991లోనే మొదలైంది. తెలుగుకు 128 గళ్లు కేటాయించారు. పేజ్‌మేకర్ మాత్రం అక్కడిదాకా రాలేదు. దాంతో దశాబ్దాలపాటు అచ్చయిన తెలుగు పుస్తకాల ఫైళ్లు వెతికితే దొరకవు, ఫోనులో సరిగ్గా చదవలేం, చూపులేనివారికి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్‌కి అందవు. మార్చే పరికరాలున్నాయి గానీ వత్తులూ గుణింతాలూ అక్కడక్కడా తప్పుతాయి, మళ్లీ ప్రూఫు చూడాలి. 300 పేజీల పుస్తకానికి పేజీకి 5 నిమిషాలు వేసుకున్నా 1,500 నిమిషాలు, 25 గంటలు. మూడు పనిదినాలకు పైనే పోయినట్టు. ఒక ప్రచురణకర్త దగ్గర 100 పుస్తకాలుంటే ఒక మనిషికి ఏడాదికి పైగా పని. ఆ పని ఎవరూ చేయకపోతే ఆ పుస్తకాలు కాగితం మీదే ఉండిపోతాయి. నాకు ఇది లెక్కల విషయంలా అనిపించదు, మన సాహిత్యం బయటికి రాలేక ఆగిపోవడంలా ఉంటుంది.

ఇందులో దోషం డబ్బుదని అనలేం. అడోబీ ఇన్‌డిజైన్ డబ్బు పెట్టి కొనేదే, యూనికోడ్ తెలుగును చక్కగా చూపిస్తుంది. ఉచితంగా దొరికే స్క్రైబస్‌లో మన లిపుల అమరిక ఉన్న స్థిరమైన వెర్షన్ 1.6 వచ్చింది 2024లో మాత్రమే. ఈ విషయంలో ఉచిత సాఫ్ట్‌వేర్ ఆలస్యం చేసింది, ఒప్పుకోవాలి. ఫాంట్లలో మాత్రం బాకీ తీర్చింది: సిలికానాంధ్ర విడుదల చేసిన రామభద్ర, మండలి, సూరన్న, ఎన్టీఆర్ వంటి యూనికోడ్ ఫాంట్లను ఎవరైనా వాడుకోవచ్చు, అచ్చువేసి అమ్ముకోవచ్చు. లినక్స్‌లో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన, ఆపిల్ కీబోర్డు అమరికలన్నీ దొరుకుతాయి కాబట్టి వీటిలో ఏదైనా వేళ్లకు అలవాటై ఉంటే పద్ధతి మార్చుకోనక్కర్లేదు.

పెద్ద అంకెలు చూసి మోసపోకుండా ఒక ఉదాహరణ. కేరళ బడుల్లో 2 లక్షల కంప్యూటర్లలో లినక్స్ వాడకంతో రూ.3,000 కోట్లు ఆదా అని 2019లో వార్తలొచ్చాయి. భాగిస్తే కంప్యూటర్‌కి లక్షన్నర. ఆ యంత్రం ధరకన్నా ఎక్కువ! బడిలో వాడే ప్రతి ఉచిత సాఫ్ట్‌వేర్‌కి బదులు డబ్బు పెట్టి కొనేదాన్ని వేసుకుంటే అయ్యే మొత్తం అది. మీ ఇంట్లో లక్షన్నర మిగులుతుందని కాదు. బడిలో వాడినదే పిల్లవాడు ఇంటికి తీసుకెళ్లి చట్టబద్ధంగా ఎక్కించుకోవడం మాత్రం నిజమైన లాభం, దానికి ఈ అంకెతో పని లేదు.

జర్మనీలోని మ్యూనిక్ నగరం 2003లో మారాలని తీర్మానించి, పదేళ్లకు సుమారు 15,000 కంప్యూటర్లను లినక్స్‌కి మార్చింది. బయటి ఆఫీసులతో ఫైళ్లు ఇచ్చిపుచ్చుకోవడంలో ఇబ్బందులని, ఇంకా ఎన్నో కారణాలు చెప్పి 2017లో వెనక్కి వెళ్లాలనుకుంది. 2020లో వచ్చిన కొత్త కూటమి మళ్లీ తెరిచిన సాఫ్ట్‌వేర్ వైపు మొగ్గింది. చుట్టుపక్కలవాళ్లంతా వేరేది వాడుతుంటే ఒక్కరే మారడం ఎంత కష్టమో ఆ ఊరికి అనుభవంలోకి వచ్చింది.

మరి ఇంట్లో ఏం చేయాలి? మీ పని జీఎస్టీ ఎక్సెల్ మీదో, ఫొటోషాప్ మీదో ఆధారపడి ఉంటే దానికి డబ్బు పెట్టండి, అసలు ప్రతి కొనండి. ఉత్తరాలు, పిల్లల చదువు, యూట్యూబు, బ్యాంకు పనులైతే పాత కంప్యూటర్‌ను పారేయకముందు లినక్స్‌లో ఒక రకమైన లినక్స్ మింట్ చూడండి. 2 జీబీ ర్యామ్‌తో నడుస్తుంది, 4 ఉంటే సుఖం. 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో దాన్ని వేసి, అక్కడినుంచే కంప్యూటర్ ఆన్ చేస్తే లోపలి విండోస్‌ను ముట్టుకోకుండా వాడి చూడొచ్చు. వైఫై దొరుకుతోందా, ప్రింటర్ పలుకుతోందా, తెలుగు టైపింగ్ కుదిరిందా, మీవే ఓ పది పాత ఫైళ్లు సరిగ్గా తెరుచుకున్నాయా? వీటిలో ఏది కుదరకపోయినా పెన్‌డ్రైవ్ తీసేసి మళ్లీ ఆన్ చేయండి, అంతా మునుపటిలాగే ఉంటుంది. అన్నీ కుదిరితే, ఫొటోలూ కాగితాలూ వేరే డిస్కులో కాపీ చేసుకున్నాకే ఎక్కించండి, ఎందుకంటే ఎక్కించేటప్పుడు డిస్కంతా చెరిపేసే ఎంపిక కూడా అక్కడే ఉంటుంది.