బోటులో టీవీ పెట్టాలంటే

అక్కలారా, మా కేంద్రానికి వచ్చే ఒక పెద్దమ్మ అడిగిన ప్రశ్నే ఈ పాఠం.

ఆమెది విశాఖపట్నం చేపలరేవు దగ్గరి వీధి. ఎండుచేపలు అమ్ముతుంది. పోయిన ఏడాదే చదవడం, రాయడం నేర్చుకుంది. వాళ్లకి ఒక మరబోటు ఉంది. పెద్దకొడుకే దానికి డ్రైవరు. ఒకరోజు సాయంకాలం పలక పక్కన పెట్టి ఇలా అడిగింది.

"టీచరమ్మా, మా బోటులో టీవీ పెట్టాలంట. పెద్దోడు గోల చేస్తన్నాడు. పదిహేను రోజులు నీళ్ల మీదే ఉంటారు గదా! రాత్రిపూట కలాసీలకి పొద్దుపోదంట. సంఘంలో అప్పు తీసి ఇమ్మంటన్నాడు. ఇమ్మంటావా, వద్దంటావా?"

నాకు వెంటనే జవాబు తోచలేదు. ఇంట్లో టీవీ సంగతి తెలుసు. బోటులో టీవీ సంగతి నాకేం తెలుసు? మరునాడు ఇద్దరం కలిసి రేవుకి వెళ్లాం. బోట్లకు వైరింగు చేసే మేస్త్రిని అడిగాం. ఆయన చెప్పింది, నేను చదివి తెలుసుకున్నది కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మేస్త్రి చెప్పిన సంగతి

ఒక బోటువాళ్లు సముద్రంలో లంగరు వేశారు. ఇంజను ఆపారు. అర్ధరాత్రి దాకా సినిమాలు చూశారు. ఇంజను స్టార్టు చేసే బ్యాటరీకే టీవీ వైరు కలిపి ఉంది. తెల్లవారి తాళం తిప్పితే ఇంజను కదల్లేదు. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. అప్పటికే గాలి పెరుగుతోంది. అదృష్టం కొద్దీ దగ్గర్లో ఇంకో బోటు ఉంది. వాళ్లు బ్యాటరీ ఇస్తే ఇంజను ఆడింది.

"ఆ బోటు లేకపోతే?" అంది పెద్దమ్మ.

మేస్త్రి ఏమీ అనలేదు. చేతిలో వైరు చుట్టుకుంటూ కూర్చున్నాడు.

అందుకే మొదటి మాట ఇది. టీవీకి వేరే బ్యాటరీ ఉండాలి. ఇంజను బ్యాటరీని టీవీకి వాడకూడదు. రెండు బ్యాటరీలకీ ఇంజనే ఛార్జింగు ఇస్తుంది. కాని ఇంజను ఆగాక రెండింటికీ సంబంధం తెగిపోవాలి. దానికి మధ్యలో ఒక స్విచ్చు వేస్తారు. అప్పుడు టీవీ బ్యాటరీ దిగిపోయినా ఇంజను స్టార్టు అవుతుంది.

ఏ టీవీ కొనాలి?

మన ఇంట్లో కరెంటు 230 వోల్టులు. బోటు బ్యాటరీ 12 వోల్టులు. కొన్ని బోట్లలో రెండు బ్యాటరీలు కలిపి 24 వోల్టులు చేస్తారు. 12 వోల్టుల టీవీకి 24 వోల్టులు ఇస్తే కాలిపోతుంది. కొనే ముందు మీ బోటులో ఎంత ఉందో డ్రైవరుని అడగండి.

ఇంటి టీవీ కూడా బోటులో పెట్టవచ్చు. దానికి ఇన్వర్టరు కావాలి. కాని ఇన్వర్టరు కొంత కరెంటు తానే తినేస్తుంది. పైగా అందులోంచి వచ్చేది 230 వోల్టులు. తడి చేతులు, తడి చెక్క, ఉప్పునీళ్లు ఉన్నచోట అది ప్రాణానికే ముప్పు. అందుకని నేరుగా 12 వోల్టులతో ఆడే చిన్న ఎల్‌ఈడీ టీవీ మంచిది. గది చిన్నది. పెద్ద టీవీ ఎందుకు?

టీవీ వెనక ఒక చీటీ అంటించి ఉంటుంది. దాన్ని మీరే చదవండి. కొట్టువాడి మాట నమ్మి ఊరుకోవద్దు. చీటీ మీద అంకెల పక్కన ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. 'వి' అనే అక్షరం రెండు గీతలు కింద కలిసినట్టు ఉంటుంది. అది వోల్టులకు గుర్తు. అలాంటివి రెండు పక్కపక్కన అతికినట్టుంటే 'డబ్ల్యు'. అది వాట్లకు గుర్తు. వాట్లు ఎంత తక్కువ ఉంటే బ్యాటరీ అన్ని ఎక్కువ రోజులు వస్తుంది.

లెక్క వేద్దాం

మన టీవీ 24 వాట్లు అనుకుందాం. బ్యాటరీ 12 వోల్టులు. 24ని 12తో భాగిస్తే 2. అంటే టీవీ గంటకి 2 పాళ్ల కరెంటు తాగుతుంది. ఈ పాళ్లనే ఆంపియర్ అవర్ అంటారు. రాత్రికి 3 గంటలు చూస్తే 2 × 3 = 6 పాళ్లు.

బ్యాటరీ మీద 60 అని రాసి ఉందనుకోండి. అందులో సగమే వాడాలి. పూర్తిగా దించితే బ్యాటరీ త్వరగా పాడవుతుంది. సగం అంటే 30. 30ని 6తో భాగిస్తే 5. అంటే మధ్యలో ఛార్జింగు లేకపోయినా 5 రాత్రులు వస్తుంది. ఇంజను ఆడినప్పుడల్లా మళ్లీ నిండుతుంది.

ఈ లెక్క పెద్దమ్మ తన నోటుబుక్కులో తానే వేసింది.

యాంటెన్నా సంగతి

వెనకటి రోజుల్లో ఇంటిమీద చేపముల్లులాంటి యాంటెన్నా ఉండేది. దూరదర్శన్ టవర్ల నుంచి వచ్చే బొమ్మను అది పట్టేది. దూరదర్శన్ ఆ పాత టవర్లను ఒక్కొక్కటిగా మూసింది. 2022 నాటికి దాదాపు అన్నీ ఆగిపోయాయి. కాబట్టి ఎవరైనా చవకగా చేపముల్లు యాంటెన్నా అమ్మజూపితే కొనవద్దు.

ఇప్పుడు బొమ్మ డిష్షు ద్వారా వస్తోంది. దూరదర్శన్ వారి ఫ్రీ డిష్‌కి నెలనెలా డబ్బు కట్టనక్కర్లేదు. ఆ బొమ్మను పంపే ఉపగ్రహం భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంది. విశాఖపట్నం నుంచి చూస్తే అది దక్షిణానికి కొంచెం తూర్పుగా, ఆకాశంలో బాగా పైన ఉంటుంది. డిష్షు సరిగ్గా దానివైపే చూడాలి.

ఎంత సరిగ్గా? చేయి ముందుకు చాచండి. బొటనవేలు పైకెత్తండి. ఆకాశంలో ఆ వేలు ఎంత కప్పిందో చూశారా? డిష్షు చూపు దాదాపు అంత పక్కకి జరిగినా చాలు, బొమ్మ పోతుంది.

మరి అల మీద బోటు ఎంత ఊగుతుంది? ఎంత తిరుగుతుంది? అందుకే ఇంటి డిష్షు నడిసముద్రంలో పనిచేయదు. పెద్ద ఓడల మీద గుండ్రటి బుర్రలాంటివి ఉంటాయి. వాటిలో డిష్షు తనంతట తానే తిరుగుతూ ఉపగ్రహాన్ని వెతుక్కుంటుంది. వాటి ఖరీదు మనకు అందదు.

రేవులో బోటు కదలకుండా కట్టి ఉన్నప్పుడు మాత్రం డిష్షు పెట్టి చూసుకోవచ్చు. నడిసముద్రంలో అయితే పెన్‌డ్రైవే దిక్కు. సినిమాలు, పాటలు దాంట్లో ఎక్కించి టీవీకి గుచ్చితే యాంటెన్నా అక్కర్లేదు. అందుకని పెన్‌డ్రైవు గుచ్చే చోటు ఉన్న టీవీయే కొనాలి.

అమర్చేటప్పుడు

తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరబోట్ల వేట నిషేధం. బోట్లు రేవులోనే ఉంటాయి. వైరింగు పనికి అదే మంచి సమయం.

టీవీని గోడకు బోల్టులతో బిగించాలి. తాడుతో కడితే అలకు ఊడి మీద పడుతుంది.

బ్యాటరీ దగ్గరే ఫ్యూజు వేయాలి. వైరు ఎక్కడైనా రాసుకుపోయి కలిస్తే ఫ్యూజు పోతుంది. ఫ్యూజు లేకపోతే వైరు కాలి బోటు అంటుకుంటుంది.

గదిలోకి వచ్చే వైరుని కన్నం దగ్గర కాస్త కిందికి వేలాడేలా వంచాలి. వాననీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది. లోపలికి రాదు.

ఉప్పుగాలికి అతుకులు తుప్పు పడతాయి. అతుకుల మీద నీళ్లు పోని టేపు గట్టిగా చుట్టాలి. రేవుకి వచ్చినప్పుడల్లా చూసుకోవాలి.

అసలు కబురు టీవీలో రాదు

మేస్త్రి చివరికి చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. "టీవీ కాలక్షేపానికమ్మా. ప్రాణం కాసేది వైర్‌లెస్సు."

1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటింది. వెయ్యిమందికి పైగా చనిపోయారు. సముద్రం మీద ఉన్న మత్స్యకారులు ఎందరో తిరిగి రాలేదు. వేటకు పోయిన మనిషికి తుఫాను కబురు సమయానికి అందడం ఎంత ముఖ్యమో మన వాడల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

సెల్‌ఫోను తీరం దగ్గరే పనిచేస్తుంది. దూరం పోతే సిగ్నల్ ఉండదు. అక్కడ వీహెచ్ఎఫ్ వైర్‌లెస్సు సెట్టు కావాలి. ఆపదలో 16వ నంబరు చానల్ మీద పిలవాలి. దాని యాంటెన్నా ఎంత ఎత్తున ఉంటే మాట అంత దూరం పోతుంది. కాబట్టి స్తంభం మీద అన్నిటికన్నా పైచోటు వైర్‌లెస్సు యాంటెన్నాదే. ఆ సెట్టుని టీవీ బ్యాటరీకి కలపవద్దు. టీవీ పెట్టాక సెట్టులో గరగర వస్తే వైరింగు మళ్లీ చూపించాలి.

2024 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం బోట్లకు ట్రాన్స్‌పాండర్ అనే పరికరం అమర్చే పథకం మొదలుపెట్టింది. సెల్‌ఫోను అందని చోట కూడా దాని ద్వారా కబురు పంపవచ్చు, అందుకోవచ్చు. ఆ కబురు అక్షరాల్లో వస్తుంది. మీ బోటుకు ఉందో లేదో మత్స్యశాఖ ఆఫీసులో అడగండి.

ఒడ్డున ఉన్న మనం గుర్తుంచుకోవాల్సిన నంబరు ఒకటుంది. 1554. అది కోస్టుగార్డు నంబరు. మనవాళ్లు సముద్రంలో ఆపదలో ఉన్నారని తెలిస్తే ఆ నంబరుకి ఫోను చేయాలి.

పెద్దమ్మ ఏం చేసింది?

ఇంటికొచ్చి కొడుకుని కూర్చోబెట్టింది. "టీవీ కొందాం. పెద్దది కాదు, చిన్నది. మిగిలిన డబ్బుతో రెండో బ్యాటరీ. ముందు బ్యాటరీ రావాలి, ఆ తర్వాతే టీవీ" అంది.

"నీకెవరు చెప్పారమ్మా ఇదంతా?" అన్నాడు కొడుకు.

పెద్దమ్మ నోటుబుక్కు తీసి లెక్క చూపించింది. కొడుకు రెండుసార్లు చూసుకున్నాడు. లెక్క సరిపోయింది.

మీరూ చేయండి

1. ఒక టీవీ 36 వాట్లు. బ్యాటరీ 12 వోల్టులు. గంటకి ఎన్ని పాళ్లు తాగుతుంది? రాత్రికి 2 గంటలు చూస్తే ఎన్ని?
2. మీ ఇంటి టీవీ వెనక చీటీ చదివి వాట్లు ఎన్నో రాయండి.
3. 1554 అని పెద్ద అంకెలతో రాసి ఇంటి గోడకు అంటించండి.