ఏదీ మర్చిపోని రెండో భాగం: ‘మాస్ ఎఫెక్ట్ 2’ విశేషాలు

సీక్వెల్ అనగానే పాత పేరు, కొత్త కథ అనుకుంటాం. ‘మాస్ ఎఫెక్ట్ 2’ అలాంటిది కాదు. మొదటి భాగంలో మనం ఎవరిని కాపాడామో, ఎవరిని వదిలేశామో అన్నీ గుర్తుపెట్టుకునే సైన్స్ ఫిక్షన్ రోల్ ప్లేయింగ్ గేమ్ ఇది. కెనడాలోని ఎడ్మంటన్‌కు చెందిన బయోవేర్ 2007లో మొదటి ఆటను తెచ్చింది. రెండోది 2010 జనవరి 26న వచ్చింది. అభిమానులు ఇప్పటికీ దాన్ని ఎందుకు నెత్తిన పెట్టుకుంటున్నారో ఈ విశేషాలు చదివితే తెలుస్తుంది.

◆ డాక్టర్ల కంపెనీ
బయోవేర్‌ను 1995లో స్థాపించిన రే మ్యుజైకా, గ్రెగ్ జెశ్చుక్, అగస్టీన్ యిప్ ముగ్గురూ వైద్యం చదివినవాళ్లే.

◆ మొదట్లోనే మరణం
ఆట మొదలైన కొద్ది నిమిషాలకే నార్మండీ అనే అంతరిక్ష నౌక ధ్వంసమై, కథానాయక పాత్ర కమాండర్ షెపర్డ్ చనిపోతుంది. సెర్బరస్ అనే రహస్య సంస్థ రెండేళ్లు శ్రమించి షెపర్డ్‌ను బతికిస్తుంది. ఈ మలుపుతో ఇంకో ప్రయోజనమూ ఉంది. శరీరాన్ని మళ్లీ తయారుచేశారు కాబట్టి పాత షెపర్డ్ ముఖాన్నీ, పోరాట విద్యనూ మార్చుకునే అవకాశం ఆటగాడికి దొరుకుతుంది. ఆట అవసరాన్ని కథలో ఇంత చక్కగా ఇమడ్చడం అరుదు.

◆ పాత లెక్కలు
మొదటి భాగం సేవ్ ఫైల్‌ను రెండో దానిలోకి తెచ్చుకోవచ్చు. వర్మైర్ గ్రహం మీద సహచరుడు రెక్స్‌ను బతకనిచ్చి ఉంటే, ఇక్కడ అతడు తన తెగకు నాయకుడై ఎదురొచ్చి ఆప్యాయంగా పలకరిస్తాడు. అక్కడ చనిపోయి ఉంటే ఆ గద్దె మీద రీవ్ అనే మరొకడు కూర్చుని ఉంటాడు. రాక్నీ అనే గ్రహాంతర జాతి రాణిని ప్రాణాలతో వదిలిపెట్టి ఉంటే, ఇలియం గ్రహం మీద ఒక దూత వచ్చి ఆమె కృతజ్ఞత తెలుపుతుంది. షెపర్డ్ గదిలో మొదటి భాగపు ప్రేమికుల ఫొటో కూడా ఉంటుంది.

◆ మొదటి భాగం లేనివాళ్లకు కామిక్
2011 జనవరిలో ప్లేస్టేషన్ 3కు ఈ ఆట వచ్చేసరికి, ఆ యంత్రంలో మొదటి భాగం లేనే లేదు. మరి పాత నిర్ణయాల సంగతేమిటి? అందుకే ‘జెనెసిస్’ అనే ఇంటరాక్టివ్ కామిక్‌ను జతచేశారు. కథను బొమ్మల్లో చూస్తూ, ముఖ్యమైన మలుపుల దగ్గర మన నిర్ణయం చెప్పేయొచ్చు.

◆ తీసేసినవి, తెచ్చినవి
గ్రహాల మీద తిరిగిన మాకో బండి పోయింది. దాని బదులు కక్ష్యలోంచి గ్రహాన్ని స్కాన్ చేసి, ఖనిజాల కోసం ప్రోబ్‌లు వదలాలి. తుపాకీ వేడెక్కితే చల్లారేదాకా ఆగే పద్ధతి తీసేసి థర్మల్ క్లిప్‌లు పెట్టారు. కాల్పులు చురుగ్గా మారాయి. స్కానింగ్ మాత్రం విసుగే. ఎదుటివారు మాట్లాడుతుండగానే ఒక్క బటన్‌తో అడ్డుపడే వీలు కూడా ఈ భాగంలోనే వచ్చింది. ఆ బటన్‌తో ఒకరిని ఓదార్చవచ్చు, ఇంకొకరిని కిటికీలోంచి తోసేయవచ్చు.

◆ పరుగెత్తలేని పైలట్
షెపర్డ్ కొత్త నౌకను నడిపే జోకర్‌కు వ్రోలిక్ సిండ్రోమ్ ఉంది. ఎముకలు పెళుసుగా ఉండి ఇట్టే విరిగే జబ్బు అది. షెపర్డ్ లేని సమయంలో శత్రువులు నౌకలోకి చొరబడినప్పుడు కాసేపు మనమే జోకర్‌గా ఆడాలి. చుట్టూ తోటివాళ్లను ఎత్తుకుపోతుంటే కుంటుకుంటూ ముందుకు సాగాలి తప్ప పరుగెత్తలేం. ఆ నిస్సహాయతను మన చేతులతోనే అనుభవించేలా చేసిన ఘట్టమిది.

◆ అందరూ చావగల చివరి పోరు
ఆటంతా ఒక బృందాన్ని కూడగట్టడమే. అసలు ఆటలో పదిమంది, అదనపు భాగాలతో కలిపి పన్నెండుమంది సహచరులు. ఒక్కొక్కరి సొంత సమస్య తీరిస్తే వాళ్ల విశ్వాసం దక్కుతుంది. చివరి ‘సూసైడ్ మిషన్’లో ఆ శ్రమంతా లెక్కకొస్తుంది. నౌక కవచం బలపరచకపోతే గమ్యం చేరకముందే ఒకరు పోతారు. గొట్టంలోంచి పాకి తలుపులు తెరిచే పనికి తగనివారిని పంపితే వాళ్లు తిరిగిరారు. చివర్లో కాపలాకు సహచరుల్లో గారస్, గ్రంట్ లాంటి గట్టివాళ్లను ఉంచాలి. ఎత్తుకుపోయిన సిబ్బందిని కాపాడేందుకు వెంటనే బయల్దేరకుండా ఇతర పనులు చూసుకుంటే, ఆ ఆలస్యానికీ ప్రాణాలే పోతాయి. అన్నీ సరిగ్గా చేస్తే ఒక్కరూ చనిపోరు. కనీసం ఇద్దరు సహచరులైనా మిగలకపోతే షెపర్డే చనిపోతుంది, ఆ సేవ్ మూడో భాగానికి పనికిరాదు.

◆ గొంతుల బలం
మగ షెపర్డ్‌కు మార్క్ మీర్, ఆడ షెపర్డ్‌కు జెన్నిఫర్ హేల్ గొంతునిచ్చారు. సెర్బరస్ అధినేతకు హాలీవుడ్ నటుడు మార్టిన్ షీన్ గొంతు. మిరాండా పాత్రకు ఇవాన్ స్ట్రహోవ్‌స్కీ గొంతుతో పాటు ముఖమూ ఇచ్చారు. 2021లో బయోవేర్ చెప్పిన లెక్క ప్రకారం, మూడు భాగాల కొత్త సంపుటి ‘లెజెండరీ ఎడిషన్’ ఆడినవారిలో 32 శాతం మంది ఆడ షెపర్డ్‌నే ఎంచుకున్నారు.

◆ చేపలకూ ఆకలి
షెపర్డ్ గదిలో అక్వేరియం ఉంటుంది. కొన్న చేపలకు మేత వేయడం మరిచిపోతే అవి చచ్చిపోతాయి.

◆ పెద్ద పురస్కారం
2011లో బాఫ్టా వారి ఉత్తమ గేమ్ అవార్డు ఈ ఆటకే దక్కింది.

మూడు భాగాలనూ మెరుగుపరిచిన ‘లెజెండరీ ఎడిషన్’ 2021 మే 14న విడుదలైంది. రెండో భాగం గొప్పదని విని నేరుగా అక్కడే మొదలుపెట్టకండి. మొదటిదాన్ని ఓపికగా పూర్తిచేసి, ఆ సేవ్‌తోనే ఇందులోకి రండి. రెక్స్ మిమ్మల్ని పేరు పెట్టి పలకరించినప్పుడు కలిగే ఆనందం, మొదటి భాగంలో అతణ్ని మీరే బతికించి ఉంటేనే దక్కుతుంది.